నీలి వెలుగు కింద నా చిట్టితల్లి

కళ్లకు చిన్న గంతలు, ఒంటిమీద డైపర్ ఒక్కటే. కామెర్లు తగ్గడానికి నీలి లైటు కింద నాలుగు రోజుల నా కూతురు. అద్దం ఇవతల నేను.

నిన్న పొద్దున అమ్మ దాన్ని ఒళ్లో వేసుకుని వాకిట్లో లేత ఎండకు కూర్చుంది. "నీకూ ఇలాగే తగ్గిందే" అంది. నేనూ నమ్మాను. సాయంత్రానికి పసుపు ముఖం నుంచి కాళ్లదాకా దిగింది. పాలకు లేపినా లేవలేదు. ఒంటికి ఆ పసుపు తెచ్చే బిలిరుబిన్ రక్తంలో 18కి చేరింది.

ఎండలోనూ ఈ నీలి కాంతి ఉంటుందట. కానీ బిడ్డకు ఎంత అందుతుందో కొలవలేం, లేత చర్మం కందిపోతుంది, వైద్యానికి దాన్ని నమ్ముకోకూడదు అన్నారు డాక్టర్ గారు. రెండు మూడు గంటలకోసారి పాలు మాత్రం పడాలన్నారు. మూత్రంలో, విరేచనంలోనే బిలిరుబిన్ బయటకు పోవాలి కదా.

అమ్మ మూలన కూర్చుని కళ్లు తుడుచుకుంటోంది. నీ తప్పేం లేదమ్మా అన్నాను.

ఇప్పుడే నర్సు పిలిచింది, పాప పాలకు ఏడుస్తోందని. ఆ ఏడుపు వినగానే ప్రాణం లేచొచ్చింది.