ఒక్క అంకెకు పదింతలు

మాది పరకాల దగ్గర పల్లె. పదో తరగతి దాకా తెలుగు మీడియం చదివి, ఇంటర్‌కు హన్మకొండ వచ్చిన. ఫస్టియర్ కెమిస్ట్రీలో పీహెచ్ నన్ను రెండు నెలలు ఏడిపించింది. ఆమ్లమా, క్షారమా చెప్పే అంకె అది: ఏడుకు కింద ఆమ్లం, పైన క్షారం. పీహెచ్ అంటే హైడ్రోజన్ అయాన్ల గాఢతకు రుణ సంవర్గమానం (మైనస్ లాగ్) అని నోటికి వచ్చేది. కానీ ఆమ్లం పెరిగితే అంకె ఎందుకు తగ్గాలి? ఎవర్నడిగినా "సూత్రంల మైనస్ ఉంది గదా" అనేటోళ్లు. నాకది జవాబు అనిపించలేదు.

దసరాకు ఇంటికి పోతే బాపు రెండు మట్టి పరీక్ష కాగితాలు చేతిలో పెట్టిండు. చెలకకు పీహెచ్ 7.6, చెరువు కింది మడికి 8.6. "ఒక్కటే గద బిడ్డా తేడా, గంతకే వరి ఎర్రబడతదా?" అన్నడు. చెప్పలేకపోయిన.

ఆ రాత్రి నోట్‌బుక్కు వెనక అట్ట మీద సూత్రం పక్కనబెట్టి ఉత్త సున్నాలు రాసిన. పీహెచ్ 1 అంటే లీటరుకు 0.1 మోల్ హైడ్రోజన్ అయాన్లు (మోల్ అంటే డజను లెక్కనే, అయాన్లను లెక్కపెట్టే పెద్ద కట్ట). 2 అంటే 0.01. 3 అంటే 0.001. ఏడు దాకా వచ్చేసరికి 0.0000001. అప్పుడు వెలిగింది: పీహెచ్ అయాన్లను లెక్కపెట్టదు, ఎన్నిసార్లు పదితో భాగించినమో లెక్కపెడతది. భాగించినకొద్దీ అయాన్లు తగ్గుతయి, అంకె పెరుగుతది. ఈ సున్నాల బాధ తప్పించడానికే 1909లో డెన్మార్క్ శాస్త్రవేత్త సోరెన్‌సన్, బీరు తయారీ కంపెనీ కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో పనిచేస్తూ, ఈ కొలతను తెచ్చిండు.

పొద్దున్నే బాపుకు చెప్పిన. మడిలో హైడ్రోజన్ అయాన్లు చెలకలో ఉన్నదాంట్ల పదో వంతే, క్షారం గుణమిచ్చే హైడ్రాక్సైడ్ అయాన్లు పదింతలు. 8.5 దాటిందంటే చౌడేమో చూసుకోవాలె. చౌడే అయితే జిప్సం వేస్తరు. అందులోని కాల్షియం మట్టిని పట్టుకున్న సోడియంను తోసేస్తది. "పదింతలా!" అని బాపు ఆ కాగితాన్ని మళ్లొకసారి తీసి చూసిండు.

సెలవుల తర్వాత ఇంకో లెక్కలో ఇరుక్కున్న. హైడ్రోక్లోరిక్ ఆమ్లం గాఢత పది టు ది పవర్ మైనస్ 8 మోలార్ (అంటే లీటరుకు 0.00000001 మోల్), పీహెచ్ ఎంత? క్లాసులో సగం మందిమి 8 అని రాసినం. కొట్టేసిన్రు. రూముకొచ్చి చానాసేపు ఆ పేజీనే చూసుకుంట కూసున్న. చింతపండు పులుసులో ఎన్ని బిందెల నీళ్లు పోసినా అది సున్నపునీళ్లు కాదు గదా! ఆమ్లానికి 8 ఎట్లొస్తది?

నేను నీళ్లను మర్చిపోయిన. స్వచ్ఛమైన నీళ్లు కూడా 25 డిగ్రీల దగ్గర కొద్దిగా విడిపోయి, లీటరుకు 0.0000001 మోల్ హైడ్రోజన్ అయాన్లు ఇస్తయి. మనం వేసిన ఆమ్లం అందులో పదో వంతే. ఆమ్లం చిక్కగున్నప్పుడు నీళ్ల వాటా లెక్కలోకి రాదు, ఇంత పలచనైనప్పుడు అదే ఎక్కువ. రెండూ కూడి, ఆమ్లం రాకతో నీళ్లు విడిపోవడం కొంచెం తగ్గేది కూడా చూసుకుంటే గాఢత 1.05 ఇంటు పది టు ది పవర్ మైనస్ 7.

పీహెచ్ 6.98 వచ్చింది. ఏడుకు కిందనే, ఆమ్లం దిక్కే.