జ్వరం తగ్గాక ఊడిన జుట్టు

టైఫాయిడ్ తగ్గి రెండున్నర నెలలైంది. ఆకలి పుడుతోంది, నిద్ర పడుతోంది, మళ్లీ ఆఫీసుకు వెళ్తున్నాను. ఒక రోజు తలస్నానం చేస్తుంటే వేళ్ల సందుల్లో ఏదో చుట్టుకున్నట్టు అనిపించి చెయ్యి చూసుకున్నాను. గుప్పెడు జుట్టు. నీళ్లు పోసుకునేకొద్దీ వస్తూనే ఉంది. కాసేపటికి తూము దగ్గర నల్లగా ఉండ కట్టింది. వంగి దాన్ని తీస్తుంటే కాళ్లు వణికాయి.

ఆ తర్వాత వారం రోజులూ నేను చేసిన పని లెక్కపెట్టడమే. దిండు మీద ఎన్ని, దువ్వెనలో ఎన్ని, భుజాల మీద ఎన్ని. రోజుకు 50 నుంచి 100 వెంట్రుకలు రాలడం ఎవరికైనా మామూలే అని విన్నాను. నావి 200 దాటాయి. అక్కడితో లెక్క మానేశాను. రాలిన ప్రతి వెంట్రుక చివరా చిన్న తెల్లటి బుడిపె కనిపించేది. కుదురుతో సహా ఊడొస్తోంది, ఇక అక్కడ మళ్లీ మొలవదు అనుకుని రాత్రుళ్లు ఏడ్చేదాన్ని. జ్వరంతో మంచాన పడ్డప్పుడు కూడా అంత టెన్షన్ పడలేదు.

ఆ భయంలో ఎవరు ఏం చెప్తే అది చేశాను. ఉల్లిపాయ రసం పట్టించాను, మాడు మండింది, వాసన మూడు రోజులు వదల్లేదు. బయోటిన్ అనే విటమిన్ మాత్రలు మింగాను. జ్వరం తర్వాత ముఖం పాలిపోయి, పాపిడి పొడవునా పొట్టు లేస్తోంది. రెండింటికీ నిమ్మరసమే మందు అన్నారు. ఒక ఆదివారం రెండు పచ్చి నిమ్మకాయలు పిండి పాపిడికీ నుదుటికీ పట్టించాను. రసం చెవుల వెనక నుంచి మెడ మీదికి కారింది. ఆరడానికి గంటసేపు ఎండలో కూర్చున్నాను.

మర్నాటికి చర్మం ఎర్రబడి మంట మొదలైంది. ఆ మర్నాటికి పొక్కులు. రసం కారిన దారి వెంబడే, గీత గీసినట్టు లేచాయి. పిండిన చేతి వేళ్ల మీద కూడా.

చర్మవైద్యురాలు నా మెడ చూడగానే అడిగిన మొదటి మాట, "నిమ్మకాయ పిండారా?" అని. అది అలెర్జీ కాదనీ, ఎవరికైనా రావచ్చనీ చెప్పారు. నిమ్మలో ఫ్యూరానోకౌమరిన్లు అనే పదార్థాలు ఉంటాయట. అవి చర్మం మీద ఉన్నప్పుడు ఎండలోని అతినీలలోహిత కిరణాలు తగిలితే ఆ చోటల్లా కాలినట్టే అవుతుంది. వెంటనే తెలియదు, ఒక రోజు గడిచాక బయటపడి రెండు మూడు రోజులకు ముదురుతుంది. ఫైటోఫోటోడెర్మటైటిస్ అని చీటీ మీద రాశారు. ఎండ సంగతి అలా ఉంచినా, మన చర్మం పీహెచ్ (ఆ అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) 5 దగ్గర ఉంటే నిమ్మరసానిది 2 దగ్గర ఉంటుంది. అంత పులుపును ఒరిసిపోయిన చర్మం మీద గంటసేపు ఉంచానన్నమాట.

జుట్టు గురించి అడగాలని వెళ్లలేదు. లేవబోతూ ఆగి, "జుట్టు కూడా బాగా ఊడిపోతోందండీ" అన్నాను. ఆవిడ నన్ను మళ్లీ కూర్చోబెట్టారు. ఈ నాలుగు నెలల్లో పెద్ద జ్వరం గానీ, ఆపరేషన్ గానీ, కాన్పు గానీ అయిందా అని అడిగారు. ఒక పాయ పట్టుకుని మెల్లగా లాగి, చేతిలోకి వచ్చినవి లెక్కపెట్టారు. తర్వాత చెప్పిన మాటల్లో ఒకటి ఇప్పటికీ అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది: "ఆ తెల్ల బుడిపె కుదురు కాదమ్మా. కుదురు లోపలే ఉంది."

తలమీది వెంట్రుకల్లో చాలా భాగం ఎప్పుడూ పెరుగుతూ ఉంటుంది, కొద్ది భాగం మాత్రం పెరగడం ఆపి విశ్రాంతిలో ఉంటుంది. ఒంటికి పెద్ద జ్వరం వస్తే పెరిగేవాటిలో చాలా ఒకేసారి విశ్రాంతిలోకి పోతాయి. ఆ విశ్రాంతి రెండు మూడు నెలలు. అది ముగిశాక అన్నీ ఒకేసారి రాలతాయి. అందుకే జ్వరం మరిచిపోయే వేళకు జుట్టు రాలడం మొదలుపెట్టింది. దీన్ని టెలోజెన్ ఎఫ్లూవియం అంటారు. ఏమీ చెయ్యకపోయినా ఆరు నెలల్లోపు చాలామందికి తగ్గిపోతుందట. వేరే కారణం తోడైతే మాత్రం ఆ కారణం పట్టుకోవాలి. అందుకే రక్తపరీక్ష రాశారు. బయోటిన్ మాత్రలు వేసుకుంటే థైరాయిడ్ పరీక్షలో అంకెలు తప్పుగా రావచ్చని, అవి ఆపిన కొన్ని రోజుల తర్వాతే రక్తం ఇమ్మన్నారు. థైరాయిడ్ బాగానే ఉంది. ఇనుము నిల్వలు ఎంతున్నాయో చెప్పే ఫెరిటిన్ మాత్రం 9. అంటే ఒంట్లో ఆ నిల్వలు దాదాపు లేవు. నేను పైన రసాలు పూసుకుంటూ కూర్చున్నాను, కొరత లోపల ఉంది.

"ఇంట్లో చేసుకునేవి ఏవీ పనికిరావా?" అని అడిగాను. ఆవిడ కొట్టిపారేయలేదు. కొబ్బరినూనె జుట్టు లోపలికి ఇంకగలదు, కడిగేటప్పుడు జుట్టులోని ప్రోటీన్ పోకుండా కాపాడుతుంది, కాబట్టి తలస్నానానికి ముందు జుట్టు పొడవునా రాసుకోమన్నారు. పొట్టు లేస్తున్న మాడుకు మాత్రం వద్దన్నారు, చుండ్రుకు కారణమయ్యే ఈస్ట్ అనే సూక్ష్మజీవికి నూనెలోని కొవ్వు ఆహారమవుతుంది. పొక్కులు మానాక దురదకు మెత్తగా పొడి చేసిన ఓట్స్ గోరువెచ్చని నీళ్లలో కలిపి వాడవచ్చు. కొత్తది ఏదైనా ముందు మోచేతి మడతలో రాసి రెండు రోజులు చూడమన్నారు. నిమ్మరసం, ఎండ సంగతి ముందే తెలిసి ఉంటే నా మెడ అలా కాలేది కాదు.

పొక్కులు పది రోజుల్లో మానాయి. గోధుమరంగు మచ్చలు నాలుగు నెలలు ఉన్నాయి. ఎండ తగలకుండా కప్పుకోవడం, వాసన లేని క్రీము రాసుకోవడం తప్ప ఇంకేమీ చెయ్యలేదు. ఐరన్ మాత్ర రోజూ పరగడుపున వేసుకున్నాను, దానికి దగ్గరలో టీ, కాఫీ, పాలు తాగలేదు. మొదట్లో కడుపు పట్టేసేది, మలం నల్లగా అయ్యేది. అది మాత్ర వల్లనే అని ముందే చెప్పారు కాబట్టి కంగారుపడలేదు.

జుట్టు మాత్రం ఇంకో మూడు నెలలు రాలుతూనే ఉంది. కారణం తెలిశాక కూడా ఆ మూడు నెలలూ కష్టమే. ఆ రోజుల్లో అమ్మ నా దగ్గరే ఉంది. ప్రతిసారీ దువ్వెన నాకు శుభ్రంగా దొరికేది. అమ్మే నాకంటే ముందు లేచి అందులోని వెంట్రుకలు తీసి పారేస్తోందని చాలా కాలం తెలియలేదు. తెలిసిన రోజు కూడా తనతో ఏమీ అనలేదు, అంటే ఇద్దరం ఏడుస్తామని.

ఐదో నెలలో ఒక ఉదయం అద్దం ముందు నుదుటి అంచున పొట్టిగా, బిరుసుగా నిక్కపొడుచుకున్న వెంట్రుకలు కనిపించాయి. విరిగిన ముక్కలేమో అనుకున్నాను. అమ్మ వెలుతురులోకి లాక్కెళ్లి వేలితో అటూ ఇటూ తిప్పి చూసింది. "చివరలు సన్నగా ఉన్నాయే, ఇవి కొత్తవి" అంది. జుట్టు నెలకు ఒక సెంటీమీటరు చొప్పున పెరుగుతుంది. అవి రెండు సెంటీమీటర్లు ఉన్నాయి. అంటే నేను ఇంకా ఏడుస్తున్న రోజుల్లోనే అవి మొలవడం మొదలుపెట్టాయి.

మొన్న చేసిన పరీక్షలో ఫెరిటిన్ 46 వచ్చింది. మాత్ర ఇంకో రెండు నెలలు వాడమన్నారు. జడ ఇంకా సన్నగానే ఉంది. నుదుటి మీది పొట్టి జుట్టు ఎంత దువ్వినా అణగదు. నూనె పెట్టి అణచనా అని అమ్మ అడుగుతుంది, అలాగే ఉండనీ అమ్మా అంటాను.