సీదోనులో దొరికిన సెలవు

బైబిల్లో లూకా రాసిన అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయం అనగానే మన కళ్ల ముందుకు వచ్చేది తుపాను. సూర్యుడు, నక్షత్రాలు కనబడని రోజులు, ముక్కలైన ఓడ, 276 మందీ ప్రాణాలతో ఒడ్డు చేరడం. ప్రసంగాలు ఎక్కువగా అక్కడే ఆగుతాయి. నేను కూడా ఆ అధ్యాయంలో మూడో వచనాన్ని ఎన్నో ఏళ్లు పట్టించుకోకుండా దాటిపోయాను.

ఓడ బయలుదేరిన మరునాడే సీదోను రేవులో ఆగింది. పౌలు ఖైదీ. అతన్ని రోమాకు తీసుకువెళ్తున్న శతాధిపతి, అంటే రోమా సైన్యాధికారి, యూలి అతని మీద దయ చూపి, "తన స్నేహితులయొద్దకు వెళ్లి పరామరిక పొందుటకు సెలవిచ్చెను." అంతే. ఆ స్నేహితుల పేర్లు లూకా రాయలేదు. ఏం పెట్టారో, ఏం మాట్లాడుకున్నారో, ఎంతసేపు కూర్చున్నారో రాయలేదు. తర్వాతి వచనానికి ఓడ కదిలిపోయింది, ఎదురుగాలి మొదలైంది.

ఓడరేవుల్లో నావికుల కోసం పనిచేసే చాప్లెయిన్ల (క్రైస్తవ సేవకుల) గురించి తెలుసుకున్న తర్వాతే ఈ వచనం దగ్గర ఆగడం నేర్చుకున్నాను. వాళ్లు చేసేది ఆ పేరు లేని స్నేహితులు చేసిన పనే. ఓడ ఆగిన కాస్త సమయంలో ఒక మనిషిని పరామర్శించి, మళ్లీ సముద్రానికి సాగనంపడం.

పౌలు ఎక్కిన ఓడలో 276 మంది ఉన్నారు. ఈ రోజు 400 మీటర్ల పొడవుండే కంటైనర్ ఓడలో సాధారణంగా 20 నుంచి 25 మంది మాత్రమే ఉంటారు. అంత ఇనుము మధ్య అంత తక్కువ మంది. ఒకరు డ్యూటీ దిగేసరికి ఇంకొకరు ఎక్కుతారు కాబట్టి అందరూ కలిసి భోజనానికి కూర్చునే రోజులు కూడా అరుదు. 2006 నాటి సముద్ర కార్మికుల ఒప్పందం ప్రకారం రోజుకు కనీసం 10 గంటల విశ్రాంతి ఇవ్వాలి. అంటే ఒక రోజులో మిగతా 14 గంటలూ పని చేయించినా అది నియమం లోపలే ఉంటుంది! ఒకేసారి 12 నెలల లోపు వరకు ఓడ మీదే ఉంచవచ్చు. ఆ నెలల్లోనే బిడ్డ పుడుతుంది, తండ్రి పోతాడు, చెల్లెలి పెళ్లి జరిగిపోతుంది. క్రిస్మస్ రోజున కూడా ఇంజిన్ ఆగదు. ప్రపంచంలో సుమారు 19 లక్షల మంది ఇలా సరుకు ఓడల మీద బతుకుతున్నారు. దేశాల మధ్య నడిచే సరుకులో 80 శాతానికి పైగా వాళ్ల చేతుల మీదుగానే వెళ్తుంది. మన ప్రార్థనల్లో వాళ్ల ఊసు ఎంత తక్కువో తలచుకుంటే నాకు బాధగా ఉంటుంది.

ఈ సేవకు మూలాల్లో ఒక చిన్న పిల్లవాడి ప్రశ్న ఉంది. 1835లో జాన్ ఆష్లీ అనే ఆంగ్లికన్ పాదిరి ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్ చానల్ ఒడ్డున ఉన్నాడు. ఎదురుగా కనబడుతున్న దీవుల్లోని మనుషులు చర్చికి ఎలా వెళ్తారని కొడుకు అడిగాడు. ఆయన దీవులకు వెళ్లాడు. అక్కడి నుంచి చూస్తే గాలి కోసం లంగరు వేసుకుని నిలిచిన ఓడలు వరసగా కనబడ్డాయి, వాటిలోని వాళ్ల దగ్గరకు వెళ్లేవారు ఎవరూ లేరు. ఆ తర్వాత ఏళ్ల తరబడి పడవలో ఓడ నుంచి ఓడకు తిరిగాడు. అలాంటి పని నుంచే 1856లో ఒక మిషన్ ఏర్పడింది. ఇప్పుడు అది మిషన్ టు సీఫేరర్స్. కాథలిక్కుల వైపు స్టెల్లా మారిస్ 1920లో గ్లాస్గోలో మొదలైంది. రండి అని పిలిచి ఊరుకోకుండా, వాళ్లున్న చోటికి ఎక్కి వెళ్లడమే వీళ్లందరి పద్ధతి.

ఎక్కడం అంటే నిజంగా ఎక్కడమే. హెల్మెట్ పెట్టుకుని, ఒడ్డు నుంచి ఓడకు వేసిన, ఊగే గ్యాంగ్‌వే మీద తాడు పట్టుకుని పైకి వెళ్లి, రిజిస్టర్‌లో సంతకం చేసి, మెస్ రూమ్‌లో కూర్చోవాలి. చేతిలో సిమ్ కార్డులు, ఉన్ని టోపీలు, కొన్ని భాషల్లో బైబిళ్లు ఉంటాయి. ఎవరైనా మందులు కొనాలన్నా, ఇంటికి డబ్బు పంపాలన్నా వ్యాన్‌లో తీసుకువెళ్లి మళ్లీ దింపుతారు. చూసేవారికి ఇది ఆత్మీయ సేవలా కనబడకపోవచ్చు. కానీ మన తెలుగు బైబిల్లో ఆ వచనంలో ఉన్న మాట పరామరిక. దానికి దగ్గరగా ఇప్పుడు మనం వాడే మాట పరామర్శ. కష్టంలో ఉన్న ఇంటికి పరామర్శకు వెళ్లేవాడు ప్రసంగం పట్టుకుని వెళ్లడు. పక్కన కూర్చుంటాడు.

ఓడలో ఒక్కోసారి మరణం జరుగుతుంది. పడిపోయి కొందరు, గుండె ఆగి కొందరు, ఒంటరితనం భరించలేక కొందరు. అప్పుడు సిబ్బందే చాప్లెయిన్‌ను పిలిపిస్తారు. ఖాళీ అయిన కేబిన్ ముందు నిలబడి ప్రార్థించమంటారు. రాత్రి ఆ తలుపు ముందు నుంచి నడవడానికి భయపడుతున్న కుర్రాడికి ఆ ప్రార్థన ఎంత అవసరమో ఒడ్డున ఉన్న మనకు ఊహకు అందదు.

ఇప్పుడు ఓడల్లో ఇంటర్నెట్ వచ్చింది కదా అంటారు. నిజమే, వీలైనంత వరకు ఆ సౌకర్యం ఇవ్వాలని 2024 డిసెంబర్ నుంచి ఆ సముద్ర కార్మికుల ఒప్పందంలో నియమం కూడా అమల్లోకి వచ్చింది. సంతోషించాల్సిన విషయమే. కానీ ఇంట్లో బిడ్డకు జ్వరమన్న కబురు కూడా అదే ఫోన్‌లో నడిసముద్రానికి వస్తుంది. విన్నాక చేయగలిగింది ఏమీ ఉండదు. టెన్షన్‌తోనే డ్యూటీకి వెళ్లాలి. ఫోన్‌లో ముఖం కనబడుతుంది గానీ, భుజం మీద చెయ్యి వేసేవారు కావాలి.

ఓడ సిబ్బందిలో అన్ని మతాల వారూ ఉంటారు. మతం చూడకుండా అందరికీ సేవ చేయడం, అడగని వారి మీద తన విశ్వాసం రుద్దకపోవడం ఈ చాప్లెయిన్లు పెట్టుకున్న నియమం. మరి సువార్త సంగతి ఏమిటని ఒకప్పుడు నాకూ అనిపించేది. నాకు జవాబు 28వ అధ్యాయంలో దొరికింది. తడిసి వణుకుతూ ఒడ్డుకు వచ్చిన వాళ్లను చూసి మెలితే ద్వీపవాసులు నిప్పు రాజేసి అందరినీ చేర్చుకున్నారు. ఖైదీ ఎవరు, సైనికుడు ఎవరు, ఎవరు ఏ దేవుణ్ని మొక్కుతారు అని అడగలేదు. ఆ ఉపచారం ఇంతంత కాదని లూకా మనసారా రాశాడు. చలిలో ఉన్నవాడికి మంట వేయడం సువార్తకు అడ్డమని నేను ఇక అనలేను.

యూలి గురించి కూడా ఒక మాట చెప్పాలి. స్నేహితులు సిద్ధంగా ఉన్నా, అతను సెలవివ్వకపోతే పౌలు ఓడ దిగలేడు. ఇప్పుడు కంటైనర్ ఓడ చాలా రేవుల్లో ఒక రోజుకు మించి ఆగదు. 2004 జూలైలో కొత్త ఓడరేవు భద్రతా నియమాలు వచ్చాక గేట్లు దాటడం ఇంకా కష్టమైంది. వీసా లేదనో, గేటు వరకు తీసుకువెళ్లే మనిషి లేడనో, కళ్ల ముందు ఊరి దీపాలు కనబడుతున్నా దిగలేని వారున్నారు. కోవిడ్ కాలంలో ఆ తలుపు పూర్తిగా మూసుకుపోయింది. 2020 చివర్లో సుమారు 4 లక్షల మంది కాంట్రాక్ట్ ముగిసినా ఓడల్లోనే చిక్కుకున్నారు, కొందరైతే 17 నెలలు దాటి. చాప్లెయిన్లు గ్యాంగ్‌వే కింద నిలబడి, సంచులు అక్కడ పెట్టి, పైనున్న వాళ్లతో కేకవేసి మాట్లాడి వచ్చేవారు. నావికుల కోసం ప్రార్థించేటప్పుడు గేటు దగ్గరి కాపలాదారు కోసం, కెప్టెన్ కోసం, సంతకం పెట్టే అధికారి కోసం కూడా ప్రార్థించాలని నేను అప్పటి నుంచి అనుకుంటున్నాను. ప్రభువా, వాళ్లకు యూలి మనసు ఇవ్వు.

ఈ సేవలో నన్ను ఎక్కువగా కదిలించేది మరొకటి. ఫలితం కనబడదు. కన్నీళ్లు పెట్టుకున్న ఆ నావికుడు ఇల్లు చేరాడా, తండ్రి కర్మకాండకు అందుకున్నాడా, చాప్లెయిన్‌కు చాలాసార్లు తెలియనే తెలియదు. సీదోను స్నేహితులకు కూడా పౌలు ఓడ బద్దలైన సంగతి ఎప్పటికి తెలిసి ఉంటుందో! తుపాను మధ్యలో అందరికీ ధైర్యం చెప్పి, రొట్టె విరిచి, తినమని బతిమాలినవాడు ఆ ఖైదీయే. తాను పొందిన పరామరికనే అతను మిగతా 275 మందికీ పంచాడని నాకు అనిపిస్తుంది.

చాప్లెయిన్ ఓడ దిగాక చేసే పని ఒకటి మిగిలి ఉంటుంది. వీలైతే తర్వాతి రేవులో ఉన్న చాప్లెయిన్‌కు కబురు పెడతాడు. ఫలానా ఓడ వస్తోంది, అందులో ఒకబ్బాయి బాగా దిగులుగా ఉన్నాడు, కాస్త చూడండి అని. పౌలు ప్రయాణంలో కూడా చివరి రేవు పొతియొలీ. అక్కడ ఓడ దిగేసరికి సహోదరులు ఉన్నారు. తమ దగ్గర ఏడు రోజులు ఉండమని బతిమాలారు.