మందు వేళకు విష్ణువు, పడక వేళకు పద్మనాభుడు

ఔషధే చింతయేద్విష్ణుం భోజనే చ జనార్దనమ్ ।
శయనే పద్మనాభం చ వివాహే చ ప్రజాపతిమ్ ॥

విష్ణు షోడశనామ స్తోత్రం ఇలా మొదలవుతుంది. పదహారు సందర్భాలకు పదహారు నామాలు. యుద్ధం, ప్రవాసం, అడవి, నిప్పు అన్నీ ఉన్న ఈ వరసలో అన్నిటికంటే ముందు వచ్చింది మందు. మందు మానేసి విష్ణువును తలచుకోమనలేదు, వేసుకుంటూ తలచుకోమంది.

ఏళ్ల తరబడి జబ్బుతో ఉన్నవాళ్లు ఈ వరసను నిదానంగా చూడాలి. ఏ వేళ నామం ఆ వేళకే. జబ్బు భయం చేసే పనేమిటంటే వేళలన్నిటినీ కలిపేయడం. కంచం ముందు కూర్చున్నా రిపోర్టే, నడుం వాల్చినా రిపోర్టే. స్తోత్రం ‘నారాయణం తనుత్యాగే’ అంటూ మరణానికి ఏడో చోటు ఇచ్చింది. భయపడ్డ మనసు దాన్ని తెచ్చి మూడోదైన పడక మీద పరుచుకుంటుంది.

మందు వేళ పని చిన్నదే. మాత్ర అరచేతిలో పెట్టుకుని పేరు, మోతాదు ఒక్కసారి చూసి, ‘విష్ణవే నమః’ అనుకుని మింగాలి. వెంటనే క్యాలెండర్‌లో టిక్కు పెట్టాలి. అది లేకపోతే కాసేపటికి ‘వేసుకున్నానా?’ అన్న అనుమానం మొదలవుతుంది, రెండోసారి వేసుకునే ప్రమాదమూ ఉంది. భోజనం వేళ ఇంట్లోవాళ్లు కూడా జబ్బు మాట ఎత్తకపోతే మంచిది.

కష్టమంతా రాత్రే. దీపం ఆర్పగానే గుండె చప్పుడు వినిపిస్తుంది, వేళ్లు మెడ కింద గడ్డ కోసం వెతుకుతాయి. పదే పదే నొక్కితే మామూలు చోటు కూడా నొప్పెడుతుంది, ఆ నొప్పే కొత్త సాక్ష్యమైపోతుంది. బీపీ మిషనూ అంతే. కంగారులో చూస్తే అంకె పెరుగుతుంది, పెరిగిందని మళ్లీ చూస్తారు. డాక్టరు చెప్పిన వేళకు, అయిదు నిమిషాలు ఊరకే కూర్చున్నాక చూడాలి తప్ప పడక మీద కాదు.

ఆ వెతికే వేళ్లకే జపం అప్పగించండి. బొటనవేలితో మిగతా నాలుగు వేళ్ల గణుపులు లెక్కిస్తే పన్నెండు. ఊపిరి వదిలేటప్పుడు ఒక్కో గణుపుకు ఒక్కసారి ‘పద్మనాభాయ నమః’. మూడు చుట్లకు 36, తొమ్మిది చుట్లకు 108. మొదట్లో మూడు చుట్లు చాలు. ఊపిరి సరిగా ఆడుతోందా అని గమనిస్తూ కూర్చుంటే అందనట్టే అనిపిస్తుంది. అప్పుడు ఊపిరిని దాని మానాన వదిలేసి నామం ఒక్కటే పట్టుకోవాలి. లెక్క తప్పితే మొదటికి వెళ్లక్కర్లేదు. ‘నూటెనిమిది పూర్తికాకపోతే జబ్బు ముదురుతుంది’ అనిపించిందా, జపం కూడా గడ్డ నొక్కి చూసుకోవడం లాంటిదే అయిపోయిందని గుర్తు. ఆ రాత్రికి లెక్క మానేయండి.

‘సంకటే మధుసూదనమ్’ అని ఉంది కదా అని ఛాతీ నొప్పో, ఊపిరాడకపోవడమో వచ్చినప్పుడు ఇంట్లో కూర్చోకూడదు. ఆ నామం అంబులెన్సులోనూ చెప్పుకోవచ్చు.

ఫలశ్రుతి కూడా చదవాలి. పొద్దున్నే లేచి ఈ నామాలు పఠించినవాడు పాపాల నుంచి విడివడి విష్ణులోకంలో గౌరవం పొందుతాడంటుంది. జబ్బు నయమవుతుందన్న మాట అందులో లేదు.