కీవినా మంచుదారుల్లో క్లచ్ సర్దుబాటు

డెట్రాయిట్ పరిసరాల నుంచి కీవినా ద్వీపకల్పానికి పోవాలంటే మ్యాకినా వంతెన దాటి, మిషిగన్ ఎగువ భాగంలో పడమరగా చాలా దూరం ప్రయాణించి హౌటన్ చేరాలి. సుపీరియర్ సరస్సు మీది తేమను చలిగాలి మోసుకొచ్చి ఇక్కడ మంచుగా కుమ్మరిస్తుంది. 1978–79 శీతకాలంలో 390.4 అంగుళాలు పడిందని మోహాక్ దగ్గర రోడ్డు పక్కన నిలబెట్టిన పెద్ద కొలబద్ద చెబుతుంది. హౌటన్‌లోని మిషిగన్ టెక్‌లో మెకానికల్ చదివి అక్కడే స్థిరపడిన మా బావమరిది రమ్మనగానే, మంచు మీద పరుగెత్తే నా పాత బండిని, స్కీ-డూ 600 ఈ-టెక్ స్నోమొబైల్‌ను, ట్రైలర్ మీదికెక్కించి బయలుదేరాను. మలుపుల దారిలో చురుగ్గా కదలాలి, తిన్నని చోట పూర్తి వేగమూ అందాలి అన్నది నా కోరిక. రెండూ ఒకే అమరికలో పూర్తిగా కుదరవని అతను ఫోనులోనే చెప్పాడు.

ఈ బండికి మార్చుకునే గేర్లు ఉండవు. ఇంజిన్ వైపు ఒక క్లచ్, బండి కింద తిరుగుతూ దాన్ని ముందుకు తోసే ట్రాక్ అనే పట్టాను తిప్పే వైపు మరొకటి, రెంటినీ కలుపుతూ ఒక రబ్బరు బెల్టు ఉంటాయి. ఇంజిన్ వేగం పెరిగే కొద్దీ మొదటి క్లచ్‌లోని బరువులు విసురుకుని దాని పళ్లేలను దగ్గరికి నొక్కుతాయి, బెల్టు అంచు వైపు పైకెక్కుతుంది. రెండో క్లచ్‌లోని స్ప్రింగూ, హెలిక్స్ అనే ఏటవాలు గాడీ ఆ ఎక్కుడును నిలువరిస్తూ, భారం పెరిగినప్పుడు బెల్టును వెనక్కి లాగుతాయి. త్రాటిల్ పూర్తిగా నొక్కితే, ఎదురుగా గట్టు ఉన్నా మైదానం ఉన్నా, ఇంజిన్ నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతోందో చూపే ముల్లు, అది అత్యధిక శక్తినిచ్చే 8,100 దగ్గరే నిలవాలి. క్లచ్ పనితనమంతా ఇందులోనే ఉంది.

శీతకాలంలో హౌటన్ లిఫ్ట్ వంతెన కింది అంతస్తును స్నోమొబైళ్లకు వదిలేస్తారు. దాని మీదుగా హ్యాంకాక్ దాటి కాలుమెట్ వరకు పాత రైలుకట్ట మీద సాగాము. అంతవరకు ఏ లోపమూ తెలియలేదు. అడవి మలుపులు మొదలయ్యాక మాత్రం, త్రాటిల్ వదిలి మళ్లీ నొక్కినప్పుడల్లా బండి ఘాట్ రోడ్డులో నాలుగో గేరులో ఈడుస్తున్న బస్సులా మూలిగింది. వెనకాల వస్తున్న మా బావమరిది ఆగి, "బావా, ముల్లు చూడకు, చప్పుడు విను. బెల్టు వెనక్కి రావడం ఆలస్యమవుతోంది," అన్నాడు.

ఆ రాత్రి వాళ్ల గ్యారేజీలో రెండో క్లచ్ విప్పి, హెలిక్స్‌ను తక్కువ కోణం ఉన్నదానితో మార్చి, కాస్త గట్టి స్ప్రింగు వేశాము. మర్నాడు అవే మలుపుల్లో వేలు కదపగానే బండి ఎగిసింది. అయితే ఈ మార్పు పూర్తి త్రాటిల్‌లో ఇంజిన్ వేగాన్ని కూడా పెంచుతుంది కాబట్టి తిన్నని చోట పరీక్ష తప్పదు.

డ్రిల్లుతో మంచు మందం చూసుకున్నాకే పోర్టేజ్ సరస్సు మీదికి దిగాము. మొదటి క్లచ్ పళ్లెం మీద మధ్య నుంచి అంచు దాకా మా బావమరిది మార్కర్‌తో నల్లని గీతలు గీశాడు. బెల్టు ఎక్కినంత మేర గీత చెరిగిపోతుంది. ఒక పూర్తి పరుగు తర్వాత మూత తీస్తే అంచు దగ్గర గోరు వెడల్పున గీత చెక్కుచెదరకుండా ఉంది, ముల్లు 8,300 చూపింది. అంటే క్లచ్ చివరిదాకా ఎక్కకముందే ఇంజిన్ తన శక్తి శిఖరాన్ని దాటిపోతోంది. ఈ బండి మొదటి క్లచ్‌కు ఒకటి నుంచి ఆరు దాకా అంకెలున్న మూడు మరలుంటాయి, ఒక్కో అంకెకు సుమారు 200 చుట్ల తేడా వస్తుంది. మూడింటినీ సమానంగా 3 నుంచి 2కు తగ్గించాము. ఒక్కటి తప్పినా క్లచ్ వణుకుతుంది. ఈసారి ముల్లు 8,100 దగ్గర నిలిచింది, గీత అంచుదాకా చెరిగింది. వేగం మాత్రం జీపీఎస్‌లోనే చూడాలి. ట్రాక్ జారినప్పుడు బండి మీటరు ఉన్నదానికంటే ఎక్కువ చెబుతుంది, ఆ అంకెతో గొప్పలు పోయేవాళ్లకు కొదవ లేదు.

పాత హెలిక్స్‌తో ఇదే సరస్సు మీద గంటకు ఇంకో రెండు మూడు మైళ్ల వేగం రావచ్చని అతను అన్నాడు. దానికోసం మలుపుల్లో చురుకును వదులుకోవడం నాకు లాభసాటి బేరంగా తోచలేదు. కాపర్ హార్బర్ వెళ్లే దారిలో, శీతకాలంలో కార్లు తిరగని బ్రాక్‌వే కొండదారి ఎక్కి, పైన ఇంజిన్ ఆపి రెండు క్లచ్‌లనూ చేత్తో తాకి చూశాము. రెండూ వెచ్చగానే ఉన్నాయి, ఏదీ చెయ్యి కాలేంత వేడెక్కలేదు; బెల్టు ఎక్కడా జారడం లేదన్నమాట. స్ప్రింగును ఇక కదపనక్కర్లేదని తేల్చుకుని కాపర్ హార్బర్ వైపు దిగాము.