యూనం శిఖరం మీద ఆయాసం

యూనం ఎక్కి హన్మకొండకు తిరిగొచ్చినప్పటి నుంచి అందరిదీ ఒకటే ప్రశ్న: "మంచు మస్తుగుండెనా?"

నిజం చెప్పాలంటే మంచు కన్నా కంకరే ఎక్కువ. యూనం శిఖరం 6,111 మీటర్లు. హిమాచల్ ప్రదేశ్‌ల, మనాలి-లేహ్ రోడ్డు మీద బారాలాచా లా అనే కనుమ దగ్గర ఉంటది. వానమబ్బులకు పీర్ పంజాల్ కొండలు అడ్డం, అందుకే చుట్టూ చెట్టు లేదు, చేను లేదు. అడుగేస్తే రాళ్లు జారుడే. అమ్మ ఫొటోలు చూసి "గీ రాళ్ల కోసం గంత దూరం పోయినవా బిడ్డా" అన్నది. జవాబు దొరకలే.

అక్కడ కూడా గాలిలో ఆక్సిజన్ 21 శాతమే. తగ్గేది గాలి పీడనం. 5,500 మీటర్ల దగ్గరికే అది సముద్రమట్టంలో ఉన్నదాంట్ల సగం. బూట్ల లేసు కట్టుకున్నా ఆయాసమే! ఒళ్లు ఆ ఎత్తుకు అలవాటు పడనీకే పగలు పైకి పోయి, రాత్రి కిందికొచ్చి పండుకోవాలని గైడన్న ఒకటే పట్టు. నీళ్ల సీసా తలకిందులుగా పెట్టమన్నడు. చలికి నీళ్లు పైనుంచి గడ్డకడతయి కాబట్టి కిందున్న మూత దగ్గర నీళ్లు మిగులుతయి. నిజంగనే మిగిలినయి.

పైకి చేరినంక నాకు యాదికొచ్చింది మాలావత్ పూర్ణ. నిజామాబాద్ జిల్లా పాకాల బిడ్డ. భువనగిరి గుట్ట మీద నేర్చుకొని, 2014 మే 25న టిబెట్ వైపు నుంచి ఎవరెస్ట్ ఎక్కింది. అప్పటికి ఆమెకు 14 ఏండ్లు కూడా నిండలే. నేనేమో యూనం మీద సెల్ఫీకి నవ్వనీకే ఊపిరి చాలక సతమతం.

వచ్చే ఎండాకాలం లడాఖ్ వైపు పోదామనుకుంటున్న. వచ్చెటోళ్లుంటే ఇప్పటి నుంచే పద్మాక్షి గుట్ట మెట్లెక్కుడు మొదలువెట్టుండ్రి, పొద్దుగాల నేను అక్కడనే ఉంట.