రాష్ట్ర చిహ్నంగా ఒక జలాంతర్గామి

రాష్ట్రానికో పక్షి, చెట్టు, పువ్వు ఉండటం మామూలే. అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రానికి ఒక ఓడ కూడా ఉంది, అదీ సబ్‌మెరైన్! యూఎస్ఎస్ నాటిలస్‌ని 1983లో అధికారిక రాష్ట్ర నౌకగా ప్రకటించారు. (రాష్ట్ర జంతువు స్పెర్మ్ వేల్. నీళ్లలో మునిగేవంటే వీళ్లకి మోజులా ఉంది.)

వైజాగ్ నుంచి వచ్చిన నాన్నని అది ఉన్న గ్రోటన్ అనే ఊరికి తీసుకెళ్లి చూపించాను. టికెట్ కొనక్కర్లేదు, ఉచితమే. ప్రపంచంలో అణుశక్తితో నడిచిన మొదటి సబ్‌మెరైన్ ఇదే. 1954లో ఆ ఊళ్లోనే నీళ్లలోకి దించారు. 1958 ఆగస్టు 3న 116 మందితో మంచు అడుగు నుంచి ఉత్తర ధ్రువం దాటింది. ఎదురుగా మనిషొస్తే ఒరిగి దారివ్వాల్సినంత ఇరుకు లోపల. పడకలు ఒకదాని మీద ఒకటి. అసలు చూడాలనుకున్న రియాక్టర్ వైపు మాత్రం పంపరు.

నాన్న ప్రతి వాల్వ్ దగ్గరా ఆగి, "మన కుర్సురాలో కూడా ఇంతే కదరా" అంటూనే ఉన్నారు. వైజాగ్ ఆర్కే బీచ్‌లో ఆ సబ్‌మెరైన్ 2002 నుంచి మ్యూజియమే. మరి ఆంధ్ర చిహ్నాల్లో రామచిలుక, వేప పక్కన దాన్నీ పెట్టొచ్చుగా అన్నాను. ఆయన ఒప్పుకోలేదు. అది సోవియట్ వాళ్లు కట్టిందట, నాటిలస్ అయితే ఈ ఊరి కార్మికులు కట్టుకున్నదట. పెడితే వైజాగ్‌లోనే కట్టిన, 1948లో నెహ్రూ జలప్రవేశం చేయించిన ఓడ 'జల ఉష' పేరే పెట్టాలట. పాయింటే. కానీ జనం ఎక్కి చూడటానికి ఉన్నది కుర్సురానే, నా ఓటు దానికే. కారులో ఇంటికొచ్చేదాకా ఇదే వాదన.